విమానానికి ఊపిన ఎర్రచీర

తెల్లారిన దగ్గర్నుంచీ కళింగపట్నం గంగులు కాలు ఒకచోట నిలవలేదు. పెళ్ళాం లక్ష్మణమ్మ ఆ రోజు మొట్టమొదటిసారి విమానం ఎక్కబోతోంది. ఖరగపూర్‌లో కూతురు అనూరాధకు కానుపు ముందే వచ్చేలా ఉంది. విశాఖ నుంచి కలకత్తాకు ఆకాశమార్గాన ఏడువందల అరవై కిలోమీటర్లనీ, గంటన్నరలో దిగిపోవచ్చనీ అల్లుడు చెప్పాడు. లక్ష్మణమ్మ మాత్రం గుమ్మంలోనే మొరాయించింది.

"పైనెవుడున్నాడు మావా మనకి? నా గుండాగిపోతాది, నానెల్లను."

"ఓసి పిచ్చిదానా! ఎగిరిన పావుగంటలో మనూరి పక్కనుంచే ఎల్తాది. నువ్వు కుడేపు కిటికీ కాడ కూకో. నాను ఒడ్డున నిల్చోని నీ పెళ్ళిసీర ఊపుతాను. అది సూసుకుంటే బయ్యమేటుంటాది?"

ఆ మాట మీదే ఆమె, మేనల్లుడు వెంకీ నడిపే కారెక్కి విశాఖ బయల్దేరింది.

టిక్కెట్టు మీద పది గంటలని ఉంది. పదింపావుకల్లా గంగులు వెదురుగడకు పెళ్ళిచీర కట్టి ఊపడం మొదలుపెట్టాడు. చీర రక్తంలా ఎర్రగా ఉంది. ఒడ్డున ఎర్రబట్ట ఊగిందంటే ప్రమాదమనీ, పడవలన్నీ వెంటనే తిరిగి రావాలనీ తాతలనాటి కట్టుబాటు. సెల్‌ఫోన్లు వచ్చినా, వాటిని తడవకుండా కవర్లలో మూటగట్టేసే పడవలవాళ్ళు ఇప్పటికీ ఎర్రబట్టనే నమ్ముతారు. గంగులుకీ అది తెలియని సంగతి కాదు. కానీ ఆనందంలో మనిషికి తెలిసినవే ముందు జారిపోతాయి.

విమానం జాడ లేదు. అది ఆలస్యంగా కదులుతుందన్న ఊహే లేని గంగులు మరింత జోరుగా ఊపాడు. సముద్రంలో పడవలు ఒక్కొక్కటే ముక్కు తిప్పాయి. అది చూసి ఆడవాళ్ళు ఎండబెట్టిన చేపలు బుట్టలకెత్తారు. కొట్లవాళ్ళు తలుపులు దించారు. బడికి పరిగెత్తి పిల్లల్ని లాక్కొచ్చినవాళ్ళూ ఉన్నారు.

అందరికంటే ముందు ఒడ్డుకు దూకినవాడు సోములు. వల సగంలో కోసి పారేసి వచ్చాడు.

"ఒరే గంగులూ! ఏటయినాదిరా? తుపానా?"

"తుపానేటి బావా? మా ఇంటిది ఇమానంలో ఎల్తన్నాది!"

ఆ తర్వాత గంగులు విన్న తిట్లు ఏ పుస్తకంలోనూ అచ్చు వెయ్యదగ్గవి కావు. సోములు గడ లాక్కుని వెంటపడుతుండగా గంగులు ఫోను మోగింది.

"మావా, ఇమానం ఇప్పుడే ఎగిరినాది!" అన్నాడు వెంకీ.

కోపం ఎటుపోయిందో! ఊరు ఊరంతా ఆకాశంలోకి చూసింది. కొండలవైపు వెండిచుక్క మెరవగానే తలపాగాలు, తువ్వాళ్ళు, చీరకొంగులు ఒక్కసారి లేచాయి. "అదిగో మా సెల్లి!" అని అందరికంటే గట్టిగా అరిచినవాడు సోములే. గంగులుకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

మధ్యాహ్నం లక్ష్మణమ్మ ఫోను చేసింది.

"నా సీర అగుపడిందేటే?" అన్నాడు గంగులు ఉబ్బితబ్బిబ్బవుతూ.

"నీ సీరెవుడు సూసినాడు! సముద్రంలో ఒక్క పడవ నేదు! పట్టపగలు పడవలన్నీ ఒడ్డెక్కేసినాయంటే తుపానే కదా? ఇమానం దించండి బాబో అని గోలెట్టేసినాను. ఆ ఇమానం పిల్లలిద్దరు కలకత్తా దాకా నా సెయ్యట్టుకోని ఒగ్గనేదు!"

తిరుగు ప్రయాణానికి లక్ష్మణమ్మకు రైలు టిక్కెట్టు పడవలవాళ్ళే చందా వేసుకుని కొన్నారు.