అంకుల్ అనే వరస

రండి రండి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఒరేయ్ అప్పలకొండా, ఆ గోళీలు జేబులో వేసుకో. ధనమ్మా, చెల్లెల్ని ఒళ్లో కూర్చోబెట్టుకో, కథలో సింహం ఉంది, జడుసుకుంటుంది. భయం లేదులే, ఈ సింహానికి అరవడం తప్ప ఇంకో పని రాదు.

ఒక పెద్ద అడవిలో ఒక కోతి ఉండేది. బొమ్మల సినిమాలు తీయడం దాని వృత్తి. ఆకుల మీద బొమ్మలు గీసి, చీకటి గుహలో మిణుగురుల వెలుగుతో గోడ మీద ఆడించేది. అడవిలో పిల్లలంతా ఇంటిల్లిపాదినీ లాక్కొచ్చి మరీ చూసేవారు.

సినిమా మాత్రం ఎప్పుడూ ఒకటే. ఒక రాకుమారుడు, ఒక రాకుమారి. ఓసారి జింకలు, ఓసారి కుందేళ్లు, అంతే తేడా. ఒకరినొకరు చూసుకోగానే గాలి వీస్తుంది, పూలు రాలతాయి, పాట వస్తుంది. పాట కాగానే పెళ్లి. పెళ్లి కాగానే 'శుభం'. ఆ తర్వాత మేత ఎవరు తెచ్చారో, పిల్లల్ని ఎవరు సాకారో ఏ సినిమాలోనూ లేదు.

కోతికి విసుగెత్తింది. "ఈసారి ఉన్న ఇంటిని ఉన్నట్టే గీస్తా" అని మడుగు దగ్గరికి వెళ్లింది.

అక్కడ తామరాకుల మీద నడిచే పొడుగుకాళ్ల నీటిపిట్టల కాపురం ఉంది. ఆ ఇంట్లో ఒక అమ్మ, ఇద్దరు నాన్నలు. అమ్మ గుడ్లు పెట్టి మడుగుకి కాపలా తిరిగేది. పొదగడం, మేపడం, జోకొట్టడం నాన్నల వంతు. అందరికంటే చిన్నదైన బుజ్జిపిట్ట పొట్టి నాన్న రెక్క కిందే పెరిగింది.

"మా పొట్టి నాన్న సినిమాలోకొస్తున్నాడు!" అని అది కప్పలకి చెప్పింది, తాబేళ్లకి చెప్పింది, చెవులు లేని చేపలకి కూడా చెప్పింది. "తెర మీద నేను 'నాన్నా' అని పిలుస్తా, చూస్తూ ఉండండి!"

కానీ ఏ సినిమా ఆడాలన్నా ముందు మండలి చూసి ఊఁ అనాలి. మండలికి అధ్యక్షుడు సింహం. కార్యదర్శి నక్క.

సినిమా చూస్తూనే నక్క లేచి నిలబడింది. "ఘోరం ప్రభూ! కుటుంబ చిత్రమన్నారు. తీరా చూస్తే ఇందులో కుటుంబం ఉంది!"

"ఉంటే ఏం?" అంది కోతి.

"కుటుంబం ఉండొచ్చు. ఇంత కుటుంబం ఉండకూడదు. ఒక ఆడదానికి ఇద్దరు మొగుళ్లా? పిల్లలు చెడిపోరూ?"

కోతి గుహ బయటికి చూసింది. అక్కడ సింహంగారి నలుగురు రాణులు ఆయన భోజనానికి దున్నపోతుని ఈడ్చుకొస్తున్నారు.

"మరి తమరి ఇంట్లో..." అని నసిగింది కోతి.

"మాది సంప్రదాయం. వాళ్లది చోద్యం" అంది సింహం, మూతి తుడుచుకుంటూ.

సింహం బొమ్మలు మార్చమంది. కోతి ఒట్టు పెట్టుకుంది, "బొమ్మలు మళ్లీ గీసేది లేదు, వేళ్లు పడిపోయాయి" అని. అయితే మాటలు మారుద్దామంది నక్క. పొట్టి నాన్నకి ఇంకో వరస కలిపేస్తే సరి. వరస సరిపోతుందో లేదో చూడడానికి నీటిపిట్టల్ని పిలిపించారు.

"ఈయన నీకు అన్నయ్య" అని అమ్మపిట్టకి చెప్పింది నక్క.

"సరేనండి. మరి తామరాకు మీద వానపాట ఉంది కదా. అన్నయ్యతో పాడమంటారా?"

సింహానికి పొలమారింది. "వద్దు వద్దు! బావ అనండి."

"బావంటే మొదటికే వచ్చింది కదా ప్రభూ!" అంది నక్క. "పిల్లలచేత చిన్నాన్న అనిపిద్దాం."

బుజ్జిపిట్ట కిసుక్కున నవ్వింది. "అందులోనూ నాన్నే ఉన్నాడుగా!"

నక్క తల పట్టుకుంది. మన భాషలో ఏ వరస తవ్వినా అడుగున చుట్టరికమే తగులుతోంది. చివరికి దాని కళ్లు మెరిశాయి. "అంకుల్! ఏ వరసా కాని వరస. పక్కింటాయనకీ అదే, బస్సులో పక్క సీటాయనకీ అదే."

సింహం ఆనందంగా పంజా చరిచింది. అంతటితో ఆగితే బాగుండేది. "ఇకమీదట తెర మీదే కాదు, అడవి అంతటా ఇదే రూలు. ఇంటికి ఒకే అమ్మ, ఒకే నాన్న. తక్కినవాళ్లు అంకుళ్లు, ఆంటీలు" అని చాటింపు వేయించింది.

సినిమా ఆడింది. గుహ నిండిపోయింది. తెర మీద పొట్టి నాన్న పురుగు తెచ్చి నోట్లో పెట్టాడు. తెర మీది పిల్ల "థాంక్యూ అంకుల్" అంది.

బుజ్జిపిట్ట ఏడవలేదు. పొట్టి నాన్న రెక్క కిందికి దూరిపోయి, "నేనలా అనలేదు నాన్నా" అంది.

"నాకు తెలుసులేవే. గట్టిగా అనకు, రూలు" అన్నాడు పొట్టి నాన్న. రెక్క మాత్రం ఇంకాస్త దగ్గరికి ముడిచాడు.

సింహం పిల్లలకి సినిమా తెగ నచ్చింది. పళ్లూడిపోయిన పెద్ద రాణిని అమ్మ అని, మిగతా ముగ్గురి దగ్గరికి పరుగెత్తాయి. "ఆంటీ, ఆకలి!"

"ఎవర్రా ఆంటీ?" అంది రెండో రాణి.

"మీరే. నాన్నగారి రూలు."

రాణులు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అలాగా! పక్కింటివాళ్లకి వేటాడి పెట్టడానికి మాకేం ఖర్మ?" అని ఏరు దాటి వెళ్లి, వాళ్ల వేట వాళ్లు తిని, వెల్లకిలా పడుకున్నారు.

సింహం ఇంట్లో పొయ్యి వెలగలేదు. పెద్ద రాణి వేటాడలేదు. రాజుగారికి వేట అసలే రాదు, ఆ సంగతి రాణులకి తప్ప ఎవరికీ తెలియదు. నక్క సాయం చేద్దామన్నా, అది బతికేదే రాజుగారి ఎంగిలి మీద. పిల్లలు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లాయి.

చివరికి సింహం ఏటి ఒడ్డుకి వెళ్లి, లేని ఓపిక తెచ్చుకుని గర్జించింది. "ఏమే! ముగ్గురూ ఇంటికి రారా?"

అవతలి గట్టు నుంచి జవాబు వచ్చింది. "ఎవరు కావాలండీ, అంకుల్?"

ఆ పూటే రూలు రద్దయింది. సినిమాలో పాత మాటలు తిరిగొచ్చాయి. నక్క మాత్రం ముందొక ఆకు అతికించింది: 'ఇందులోని ఇల్లు రాజుగారి ఇంటిని పోలి ఉంటే అది కేవలం యాదృచ్ఛికం.'

మళ్లీ ఆట వేశారు. తెర మీద పొట్టి నాన్న కనపడగానే బుజ్జిపిట్ట లేచి నిలబడి అరిచింది, "అదిగో మా నాన్న!"

వెనక వరసలోంచి తాబేలు వెక్కిరించింది. "ఏ నాన్నే?"

"తెర మీదున్నాడు చూడు, ఆ నాన్న! ఇంకో నాన్న నీ పక్కనే కూర్చున్నాడు, కాలు తొక్కకు!"

నీతి ఏమిటంటే పిల్లలూ, ఎదుటివాళ్ల ఇంట్లో వరసలు తప్పకుండా దిద్దండి, కాకపోతే ముందు మీ ఇంట్లో వండి పెట్టేదెవరో చూసుకుని దిద్దండి.

ఇక లేవండి, అన్నాలు చల్లారిపోతాయి. వడ్డించేవాళ్లని మాత్రం సరైన వరసతో పిలవండి, లేకపోతే పస్తే!