పదికి ఒకటిన్నర

ఢిల్లీబాబు జన్మలో ఉత్తరాన నాయుడుపేట దాటి ఎరగడు. పేరులో ఢిల్లీ ఉన్నా ఆయన రాజధాని తిరుపతే. ఆ రాజధానిలో అధికారం మాత్రం ఆయన భార్య రెడ్డిరాణిది. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. బడిలో పిల్లలు లెక్క తప్పితే ఊరుకుంటుందేమో గానీ ఇంట్లో మొగుడు తప్పితే ఊరుకోదు.

వారంలో ఆరు రోజులు ఢిల్లీబాబు రేణిగుంటలో ఒక గోడౌన్‌కు సూపర్‌వైజరు. ఏడో రోజు ఫుట్‌బాల్ ఆటగాడు. నలభై దాటిన వాళ్లంతా కలిసి పెట్టుకున్న జట్టు అది. పేరు అలిపిరి సింహాలు. ఆ సింహాల్లో సగం మందికి జూలు రాలిపోయింది, మిగతా సగం జూలుకు రంగేసుకుంటారు.

గోలు కొట్టడానికి ముందు వరసలో ఆడేవాళ్లను ఫార్వర్డులంటారు. ఢిల్లీబాబు ఫార్వర్డు. ఆ మాటకొస్తే పొద్దున కళ్లు తెరిచింది మొదలు వాట్సప్‌లో ఆయన చేసేదీ అదే. మైదానంలో మాత్రం గోలు తక్కువ, గోల ఎక్కువ.

ఆ ఏప్రిల్ ఆదివారం పొద్దున సింహాలు సెమీఫైనల్లో పుత్తూరు జట్టును ఒకటికి రెండు గోలులతో ఓడించాయి. పుత్తూరుతో ఆడి ఎముక విరిగితే వేసే పుత్తూరు కట్టు కట్టించుకోకుండా అందరూ ఇళ్లకు చేరడం రెండో విజయం. వచ్చే ఆదివారం చిత్తూరులో ఫైనల్.

చిక్కల్లా ఒకటే. జట్టులో ఫార్వర్డులు నలుగురు. సెమీఫైనల్లో నలుగురినీ మార్చి మార్చి ఆడించిన కోచ్ పీరా సాహెబ్, ఫైనల్‌కు ముగ్గురే చాలన్నాడు.

పీరా సాహెబ్ వృత్తికి టైలరు. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు లేకుండా మైదానానికి రాడు. ఆట జరుగుతున్నంతసేపూ ఏ ఫార్వర్డు ఏం చేశాడో ప్యాంట్ల కొలతలు రాసుకునే కాగితాల మీద రాస్తాడు. మనిషికొక కాగితం. అందులో పొగడ్త ఉండదు, తిట్టు ఉండదు, జరిగింది ఉంటుంది. ఆట అయ్యాక ఆ కాగితాలు చదివి ఎవరో ఒకరు పదికి మార్కులు వేయాలి. అందరికన్నా తక్కువ వచ్చినవాడు తరువాతి ఆటకు బయట.

"కొలతలు నేను తీస్తా. కత్తిరించేది మాత్రం ఇంకొకరు చెయ్యండప్పా. నలుగురి మొగాలూ దినామూ సూసేవాణ్ణి" అన్నాడు పీరా సాహెబ్.

ఆ మాట పూర్తికాకముందే ఢిల్లీబాబు చెయ్యి లేచింది. ఆ రోజు ఆయన శరీరంలో అంత వేగంగా కదిలిన భాగం అదొక్కటే.

"నాకియ్యి పీరాన్నా. మా ఇంట్లో టీచరమ్మ ఉండాది. మార్కులంటే మాకు పొద్దున టిపినీ లెక్క."

"నువ్వూ ఆ నలుగురిలో ఒకడివి గదప్పా."

"అందుకే నాకు బాగా తెలుస్తాది."

"టీచరమ్మ గూడా ఒక కన్నేస్తాదా?"

"ఆమె కన్నెయ్యకుండా మా ఇంట్లో పాలు గూడా పొంగవు."

పీరా సాహెబ్ ఆ కన్నును నమ్ముకుని కాగితాలిచ్చాడు. సాయంత్రం ఆరుకు వచ్చి మార్కులు తీసుకుంటానన్నాడు.

ఢిల్లీబాబుకు ఇంత పట్టుదల ఎందుకంటే, ఆయన వీధి మొదట్లో అప్పటికే ఒక ఫ్లెక్సీ వేలాడుతోంది. సెమీఫైనల్ ఆడకముందే, శనివారమే కట్టించేశాడు. అందులో కాలెత్తి బంతిని తన్నుతున్న ఢిల్లీబాబు, ఆయన వెనక శ్రీహరికోట నుంచి లేస్తున్న రాకెట్టు, కింద 'చిత్తూరు ఫైనల్లో మన వీధి రాకెట్ ఢిల్లీబాబు' అని అక్షరాలు. ఫైనల్లో దిగకపోతే ఆ రాకెట్టు కింది నుంచే రోజుకు రెండుసార్లు తల వంచుకుని రేణిగుంట బస్సుకు పోవాలి. ప్రాణం పోయినా ఆడి తీరాలనుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి హాల్లో కూర్చుని మార్కులు వేసేశాడు. రెండు నిమిషాలు పట్టింది. అందులో ఒక నిమిషం పెన్ను వెతకడానికి.

రాణి వచ్చి చూసింది. పదో తరగతి పేపర్ల స్పాట్ వాల్యుయేషన్‌కు తొమ్మిది రోజులు పోయి, రెండు రోజుల కిందటే తిరిగి వచ్చింది. వేళ్లకంటిన ఎర్ర సిరా ఇంకా వదల్లేదు.

"ఏంది బావా అది?" రాణికి ఆయన మేనత్త కొడుకు.

"ఫార్వర్డుల మార్కులు."

ఆవిడ కాగితం అందుకుంది. ఢిల్లీబాబుకు తొమ్మిదిన్నర, మటన్ కొట్టు ఖలీల్‌కు ఏడు, డ్రైవరు దొరస్వామికి ఆరు, మునికుమార్‌కు రెండు. ఈ మునికుమార్ రాణికి సొంత తమ్ముడు. బస్సు కండక్టరు. జట్టు మొత్తంలో మోకాళ్లు ఇంకా వంగేది అతనికే.

"నీకు తొమ్మిదిన్నర ఎందుకు?"

"పది వేసుకుంటే పొగరంటారు."

"మా తమ్మునికి రెండు ఎందుకు?"

"సున్నా వేస్తే నువ్వు ఊరుకోవు గదా."

"పీరాన్న రాసింది చదివినావా?"

"ఆడిందే నేను. మళ్లీ చదివేదేముండాది?"

రాణి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఆవిడ కుర్చీ లాగిందంటే పీరియడ్ మొదలైనట్టే.

"తొమ్మిది దినాలు దిద్దినా బావా. ఒక్క పేపరు మీద గూడా పేరు కనపడనియ్యలేదు. ఉత్త నంబరే. పేరు కనపడితే దిద్దేవాని చెయ్యి వంకర పోతాదని. ఈ నాలుగు కాగితాలూ పేర్లు తీసేసి నా చేత్తో రాసి నంబర్లేసి ఇస్తా. నువ్వు చదివి, మార్కేసి, ఎందుకేసినావో కింద రాసి సంతకం పెట్టు."

"పెట్టకపోతే?"

"చదవకుండానే వేసినాడని పీరాన్నకు ఫోన్ చేస్తా."

ఢిల్లీబాబు మహా సంతోషంగా ఒప్పుకున్నాడు. ఏ నంబరు ఎవరిదో ఆవిడ ఎక్కడో ఒకచోట రాసి దాచక తప్పదు. ఈ ఇంట్లో ఆవిడ దాచినది ఆయన కనిపెట్టలేక పోవడమంటూ లేదు. ఇరవై ఏళ్లుగా దాచిన మురుకులన్నీ వెతికి వెతికి తిన్న మనిషి.

అరగంట తరువాత వంటింట్లో స్టూలు జరిగింది. పై అరలో ఒక మూత టప్పుమంది. హాల్లో కూర్చున్న ఢిల్లీబాబు కళ్లు మూసుకుని ఆ చప్పుడు చదివాడు. కందిపప్పు డబ్బా.

రాణి నాలుగు పేపర్లూ ఎర్ర పెన్నూ ఇచ్చి, "మిద్దె మీద బట్టలు తీసుకొని వస్తా. అంతలోపల దిద్దు" అని మెట్లెక్కింది.

ఆవిడ పైకి, ఆయన పై అరకి. స్టూలు ఒక కాలు పొట్టిదని గుర్తొచ్చేసరికి డబ్బా చేతిలో ఉంది, కాలు గాల్లో ఉంది. సరిగ్గా ఫ్లెక్సీలో ఉన్న భంగిమే. ఆ తరువాత డబ్బా ఒకవైపు, మూత ఒకవైపు, రెండు కేజీల కందిపప్పు అన్ని వైపులా పోయాయి.

చీటీ మాత్రం దొరికింది. ఒకటి ఖలీల్, రెండు ఢిల్లీబాబు, మూడు దొరస్వామి, నాలుగు మునికుమార్. అది బట్టీ పట్టి చీటీని డబ్బా అడుగున పడేసి, లేచి ఒక అడుగు వేశాడు. కందిపప్పు మీద కాలు పడి ఫ్రిజ్ దాకా జారాడు. పొద్దున మైదానంలో ఆ వేగంతో జారి ఉంటే మూడో గోలు ఖాయం.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. దాచడానికి వేళ లేదు. రెండు చేతులా నేల ఊడ్చి, పప్పంతా పండగలకు వాడే పెద్ద డేక్సాలోకి ఎత్తిపోశాడు.

"ఏం చేస్తా ఉండావు బావా?"

"పప్పు. నీకు శ్రమ ఎందుకని."

"రెండు కేజీలా?"

"ఆకలిగా ఉండాది."

రాణి నేల చూసింది, స్టూలు చూసింది, ఆయన మోచేతికి అంటిన పప్పు బద్ద చూసింది. "నాలుగు నీళ్లకు కడుగు. టమాటాలు బుట్టలో ఉండాయి, చింతపండు కింద అరలో ఉండాది" అని బట్టలు మడతపెట్టుకోవడానికి పోయింది.

ఢిల్లీబాబు వెనక్కి తగ్గే రకం కాదు. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఎర్ర పెన్ను. ఒకటో నంబరుకు ఏడు, మూడో నంబరుకు ఆరు చదవకుండానే వేశాడు. రెండో నంబరు మాత్రం పొయ్యి మంట తగ్గించి మరీ చదివాడు.

'బంతి వచ్చినప్పుడల్లా పక్కవానికి అందించినాడు. రెండో గోలుకు పాసు ఇతనిదే. వెనక్కు పరిగెత్తి పుత్తూరు వాళ్ల గోలు ఒకటి ఆపినాడు. ఎవరినీ కసరలేదు.'

ఢిల్లీబాబుకు కళ్లు చెమర్చాయి. ఉల్లిపాయలు అప్పటికింకా కోయలేదు. తన ఆటను ఇంతగా అర్థం చేసుకున్నవాడు పీరా సాహెబ్ ఒక్కడే అనిపించింది. గోలు ఎప్పుడు ఆపాడో గుర్తు రాలేదు గానీ, పెద్ద ఆటగాళ్లు అలాంటివి మనసులో పెట్టుకోరని సర్దుకున్నాడు. తొమ్మిదిన్నర వేసి కింద రాశాడు: 'జట్టుకు ప్రాణం ఇతనే. ఫైనల్లో మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా ఆడించాలి.'

తరువాత నాలుగో నంబరు.

'ఆఫ్‌సైడ్ అయిదు సార్లు. గోలు ముందర ఒంటరిగా ఉండి బంతిని గోడ అవతలి మునగచెట్టులోకి తన్నినాడు. నాకియ్యి నాకియ్యి అని ముప్పై ఒక్కసారి అరిచినాడు. వచ్చిన బంతి ఎవరికీ ఇవ్వలేదు. పుత్తూరు వాళ్లు గోలు వేసేటప్పుడు గీత పక్కన మజ్జిగ తాగుతా ఉన్నాడు.'

మజ్జిగ దగ్గర ఢిల్లీబాబు గరిటె ఒక క్షణం ఆగింది. మజ్జిగ తనూ తాగాడు. కానీ అది ఎదుటివాణ్ణి గీత దగ్గరికి రప్పించే ఎత్తు. బంతి తనదీ మునగచెట్టులోకే పోయింది, కానీ అది గాలి. అయినా కాగితం అబద్ధమాడినా కందిపప్పు డబ్బా అబద్ధమాడదు కదా. ఒకటిన్నర వేసి, పళ్లు బిగించి రాశాడు: 'ఒకటి బూట్లు వేసుకొచ్చినందుకు, అర మార్కు మజ్జిగ మిగిల్చినందుకు. ఇట్లాంటి వాణ్ణి బెంచీ మీద కూడా కూర్చోబెట్టరాదు. ఇంట్లో వంట చేసుకోమనాలి.' కింద సంతకం పెట్టి రెండు గీతలు కూడా గీశాడు.

ఆరింటికి పీరా సాహెబ్ వచ్చాడు, మునికుమార్ స్కూటర్ వెనక కూర్చుని. రాణి దిద్దిన పేపర్లు ఆయన చేతిలో పెట్టింది. చేతిసంచిలోంచి ఒక కవరు తీసి, "ఏ నంబరు ఎవరిదో ఇందులో ఉండాది పీరాన్నా" అంది.

ఢిల్లీబాబు వంటింట్లోని కందిపప్పు డబ్బా వైపు చూశాడు. చేతిసంచి వైపు చూశాడు.

పీరా సాహెబ్ కళ్లజోడు సర్దుకుని కవరు చించాడు. "ఒకటి ఖలీల్, ఏడు. మూడు దొరస్వామి, ఆరు. రెండు మునికుమార్, తొమ్మిదిన్నర."

"కాదు పీరాన్నా, రెండు నాది" అనేశాడు ఢిల్లీబాబు.

"పేర్లు లేవు గదా. నీకెట్ల తెలుసు బావా?" అంది రాణి, మడతపెడుతున్న తువ్వాలు మీద నుంచి కళ్లెత్తకుండా.

వంటింట్లో పప్పు గుబగుబమంటే ఢిల్లీబాబు పోయి మంట తగ్గించి వచ్చాడు.

"తెలీదు. ఊరికే అన్నా" అన్నాడు ఢిల్లీబాబు.

"నాలుగు ఢిల్లీబాబు, ఒకటిన్నర" అని పీరా సాహెబ్ కింద రాసిన కారణం కూడా గట్టిగా చదివాడు. బూట్లు, మజ్జిగ, బెంచీ, వంట, ఏదీ వదల్లేదు. చదివాక కళ్లజోడు తీసి ఢిల్లీబాబు వైపు తిరిగాడు.

"నలభై ఏండ్లుగా కొలతలు తీస్తా ఉండా. నడుము ముప్పై ఎనిమిదంటే ముప్పై నాలుగు రాసుకోమనేవాళ్లే అందరూ. తన కొలత తానే ఇంత కచ్చితంగా తీసుకున్నోణ్ణి నిన్నే సూసినానప్పా."

మునికుమార్ వంగి కాళ్లకు దండం పెట్టాడు. "జట్టుకు ప్రాణమని రాసినావు బావా. నన్ను ఇంతగా మెచ్చుకుంటావని నాకు ఇన్నాళ్లూ తెలీలేదు."

"నీ ఆటే అట్లాంటిది" అన్నాడు ఢిల్లీబాబు. ఆ మాట గొంతు దాటడానికి పడ్డ కష్టంతో రెండు ఫైనల్స్ ఆడొచ్చు.

"పప్పు వాసన బాగుండాదే" అన్నాడు పీరా సాహెబ్. "రాసినట్టే వంటకు గూడా దిగేసినావా? మాట మీద నిలబడే మనిషివి. పిల్సు రా మునీ, అందర్నీ. వచ్చే ఆదివారం చిత్తూరులో గూడా పప్పు ఢిల్లీదే."

ఇద్దరూ ఫోన్లతో వాకిట్లోకి పోయాక ఢిల్లీబాబు భార్య దగ్గరికి జరిగాడు.

"డబ్బాలో..."

"డబ్బాలో ఏముండాది బావా?"

ఆయన వాకిట్లో ఉన్న పీరా సాహెబ్ వైపు ఒకసారి చూశాడు. "పప్పు."

"అంతే గదా" అంది రాణి.

ఏడింటికల్లా సింహాలన్నీ మిద్దె మీదికి చేరాయి. అంతమంది కూర్చోవడానికి చాపలు చాలలేదు. మునికుమార్ పోయి వీధి మొదట్లో ఉన్న ఫ్లెక్సీ విప్పుకొచ్చి పరిచాడు. ఢిల్లీబాబు ఎత్తిన కాలు మీద దొరస్వామి కూర్చున్నాడు. రాకెట్టు మీద ఖలీల్, మొహం మీద మునికుమార్.

ఢిల్లీబాబు బకెట్టూ గరిటే పట్టుకుని భోజనాల బంతిలోకి దిగాడు. ఒక్కరినీ వదలకుండా, ఒక్క చుక్క ఒలక్కుండా, అడిగినవాడికి అడిగినంత అందిస్తూ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వచ్చాడు. ఆయన జీవితంలో ఒక బంతి మొత్తం ఆయన చేతుల మీదుగా నడవడం అదే మొదలు.

"ఈడ ఇంకొంచెం బావా" అన్నాడు మునికుమార్, మొహం మీద సర్దుకుని కూర్చుంటూ.

అందరూ లొట్టలేసుకుంటూ తిని వెళ్లాక, చివర్లో రాణికి వడ్డించి పక్కన నిలబడ్డాడు. ఆవిడ ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద తింది. మూడోది కూడా తింది.

"పదికెంత వేస్తావు?" అన్నాడు ఢిల్లీబాబు.

రాణి వేళ్లు నాక్కుని, కింద పరిచిన ఫ్లెక్సీ వైపు చూపించింది.

"పేరు కనపడతా ఉండాది బావా. నేను దిద్దను."