సెలవులో ఉన్నట్టు సంతకం

విశ్రాంతి మానవుడి జన్మహక్కు!

ఈ మాట నాది కాదు, మా యజమానిది. కార్ఖానా గేటు మీద మూరెడేసి అక్షరాలతో రాయించాడు. దాని కింద, ఏడాదికి ముప్పై ఆరు రోజులు సెలవిచ్చే ఏకైక సంస్థ మాదేనని కూడా రాయించాడు. మేం తయారుచేసేవి పడక కుర్చీలు. కాబట్టి విశ్రాంతి గురించి మాట్లాడే అర్హత ఆయనకు ఉంది. ఆ కుర్చీల్లో మేం కూర్చోకూడదు, అది వేరే సంగతి.

వడ్రంగి చట్రం చేస్తాడు, పాలిష్ బావ రంగు వేస్తాడు, కాన్వాసు గుడ్డ నేను బిగిస్తాను. పాలిష్ బావ ఎవరికి బావో ఎవరికీ తెలియదు. చేరిన రోజు నుంచీ అరవై మందికీ బావే.

ముప్పై ఆరు రోజులు! బయటివాళ్ళు వింటే నోరు వెళ్ళబెడతారు. నేనెక్కే బస్సు కండక్టరయితే, "పెట్టి పుట్టావయ్యా!" అని నిట్టూర్చి మరీ టికెట్టు చింపుతాడు. నేనేమీ అనను. అంటే సెలవు రిజిస్టరు గురించి చెప్పాలి. అప్పటికి నా స్టాపు దాటిపోతుంది.

మా దగ్గర సెలవులో ఉన్నవాడు ఉదయం తొమ్మిదింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి కార్ఖానాకు వచ్చి, తాను సెలవులో ఉన్నట్టు సంతకం పెట్టాలి.

చేరిన కొత్తలో ఇదేమిటని అడిగాను. మేనేజరు ఓపిగ్గా వివరించాడు.

"చూడవోయ్. నువ్వు సెలవు పెట్టి వెళ్ళి ఇంకోచోట పని చేశావనుకో. అప్పుడు నీకు విశ్రాంతి దొరికినట్టా?"

"కాదండి."

"మరి నీ విశ్రాంతికి పూచీ ఎవరు? కంపెనీ! నువ్వు నిజంగా విశ్రాంతి తీసుకుంటున్నావో లేదో మేం కళ్ళారా చూసుకోవద్దూ?"

చూసుకునేవాళ్ళు. తొమ్మిదింటికి సంతకం పెట్టి, రెండు బస్సులు మారి ఇంటికి పోయి, మళ్ళీ రెండు బస్సులు మారి ఐదింటికి రావడమెందుకని ఎవరైనా గేటు పక్కన అరుగు మీద కూర్చుంటే మేనేజరుకు జాలి వేసేది. "గోళ్ళు గిల్లుకుంటూ ఎంతసేపు కూర్చుంటావు పాపం? లోపలికొచ్చి నాలుగు కుర్చీలు బిగించరాదూ, పొద్దుపోతుంది!" అనేవాడు. అలా సెలవు రోజున కూడా కుర్చీలు తయారయ్యేవి. తేడా ఒక్కటే. పదకొండింటికి టీ వచ్చినప్పుడు సెలవులో ఉన్నవాడికి గ్లాసు ఉండదు. ఇంట్లో ఉన్న మనిషికి కార్ఖానాలో టీ ఎలా ఇస్తారు?

సంతకం తప్పితే చెప్పకుండా మానేసినట్టు లెక్క. మూడు రోజులు తప్పితే పేరు కొట్టేస్తారు.

ఇదంతా సవ్యంగా సాగిపోతుండగా మా అక్క కంట్లో పొర ముదిరింది.

అక్క ఉండేది ఇక్కడికి తొమ్మిది గంటల దూరంలో ఉన్న పట్నంలో. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. కుడికన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన ఎడమకంటికి మంగళవారం ఆపరేషనన్నారు. అక్క ఫోన్ చేసింది.

"ఒరే తమ్ముడూ, నువ్వొచ్చి చెయ్యి పట్టుకుంటేనే నేను ఆ బల్ల ఎక్కేది. లేదంటే నాకు ఆపరేషనూ వద్దు, కన్నూ వద్దు."

"చూస్తానక్కా."

"చూసేదేమిట్రా? ముప్పై ఆరు రోజులు సెలవు నీకు! మా వీధి వీధంతా చెప్పుకుని తిరిగాను. అందులో నాలుగు రోజులు అక్క మొహాన పారెయ్యలేవూ?"

ఈ ఒక్క కన్నూ పోతే అక్కకు లోకం లేదు. మొండిది. అన్నంత పనీ చేస్తుంది.

నాలుగు రోజులకు అర్జీ రాసి మేనేజరు ముందు పెట్టాను. చదవకుండానే సంతకం చేశాడు.

"నీ హక్కయ్యా ఇది! నిక్షేపంలా వెళ్ళిరా. రోజూ రెండు పూటలా సంతకం మాత్రం మర్చిపోకు."

"తొమ్మిది గంటల ప్రయాణమండి."

"అరెరె! మీ అక్కగారే ఇక్కడికొచ్చి చేయించుకోరాదూ?"

"డాక్టరు అక్కడున్నాడండి."

మేనేజరు కలం మూత పెట్టాడు. "చూడు, సెలవివ్వలేదని మాత్రం బయట అనకు. మేం ఇచ్చాం. వెళ్ళలేకపోతున్నది నువ్వు!"

అదీ నిజమే. ఇచ్చారు. కాగితం నా చేతిలోనే ఉంది.

ఆ శనివారమే కార్ఖానాకు పరిశీలకురాలు వచ్చింది. యజమానుల సంఘం పంపిన మనిషి. కార్మికులకు సెలవులు సరిపోతున్నాయా లేదా అని ఊరూరా తిరిగి చూసి, ఉదారంగా ఇచ్చేవాళ్ళకు యోగ్యతాపత్రం ఇప్పించడం ఆవిడ ఉద్యోగం. కళ్ళజోడు, చంకలో ఫైలు, నడకలో అలసట. మా యజమాని ఆవిడకు కొత్త కుర్చీ వేయించాడు. ఆవిడ అందులో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, ఒక్క క్షణం ఉద్యోగం మర్చిపోయింది. తర్వాత ఉలిక్కిపడి లేచి సెలవు రిజిస్టరు అడిగింది.

"ఆశ్చర్యంగా ఉందండీ! ఎక్కడికి వెళ్ళినా సగం సెలవులు మురిగిపోతుంటాయి. ఇక్కడ అరవై మందీ ముప్పై ఆరు రోజులూ వాడుకున్నారు. పూటపూటకీ సంతకాలున్నాయి!"

యజమాని వినయంగా తల వంచాడు.

మాట్లాడించడానికి మేనేజరు నన్నే ముందుకు తోశాడు. నోట్లోంచి రెండు మాటలకు మించి రావని నా మీద నమ్మకం.

"ఏం బాబూ, సెలవులు సరిపోతున్నాయా?"

"సరిపోతున్నాయండి."

"పోయిన నెలలో మూడు రోజులు సెలవులో ఉన్నావే. ఏం చేశావు?"

ఈ ప్రశ్నకు జవాబు ఎవరూ నేర్పలేదు. ఉన్నదే చెప్పాను.

"కుర్చీలు బిగించానండి."

పాలిష్ బావ చేతిలో కుంచె ఆగిపోయింది. యజమాని మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. మేనేజరు ఒక్క గెంతు వేశాడు.

"ప్రాణమండీ! కుర్చీలంటే ప్రాణం వీడికి! ఇంటి దగ్గర ఉండలేడు, వచ్చేస్తాడు!"

ఆవిడ బావ వైపు తిరిగింది. "మరి నువ్వు?"

"నాకూ అప్పుడే సెలవండి. పాలిష్ లేని చట్రానికి ఈయన గుడ్డ బిగిస్తే బాగుండదని ముందు నేను వేశానండి."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇంకేముంది, గుట్టు బయటపడింది, రిజిస్టరు పీడ విరగడైంది, మంగళవారానికి నేను అక్క దగ్గరుంటాను అనుకున్నాను. ఆవిడ చాలాసేపు రాసి, రాసింది పైకి చదివింది.

"ఈ సంస్థలో సెలవులు అవసరానికి మించి ఉన్నాయి. వాటిని ఏం చేసుకోవాలో తోచక కార్మికులు తిరిగి కార్ఖానాకే వస్తున్నారు. యజమాని ఔదార్యం హద్దులు దాటింది. ముప్పై ఆరును పన్నెండుకు తగ్గించినా నష్టం లేదు."

యజమాని జేబురుమాలుతో కళ్ళు ఒత్తుకుని, బరువెక్కిన గొంతుతో సరేనన్నాడు.

మరుక్షణం చప్పట్లు మోగాయి! అరవై మందీ కొట్టారు. వడ్రంగి ఈల కూడా వేశాడు. "ఏడాదికి ఇరవై నాలుగు గ్లాసుల టీ ఎక్కువరా నాయనా!" అని బావ నా చెవిలో అన్నాడు. ఆ చప్పట్లు తన త్యాగానికనుకుని యజమాని నిజంగానే ఏడ్చాడు.

వెళ్తూ వెళ్తూ ఆవిడ ఆ కుర్చీని చేత్తో నిమిరింది. "మా వరండాలో ఇలాంటిది ఒకటుంటే ఎంత బాగుండేది!"

"ఒకటేం ఖర్మమ్మా! ఎనిమిది పంపిస్తాను!" అన్నాడు యజమాని.

ఆవిడ ఇల్లు మా అక్క ఉండే పట్నంలోనే. కుర్చీలు విడి చట్రాలుగా లారీలో వెళ్తాయి. అక్కడ ఒకడు గుడ్డలు బిగించాలి. లారీ ముందు సీట్లో డ్రైవరు, క్లీనరు ఉంటారు గనక వెళ్ళేవాడు చట్రాల మీద కూర్చోవాలి. ఆ ప్రయాణమంటే అందరికీ హడలు. మేనేజరు ఎవరు వెళ్తారని అడిగేసరికి తలకాయలన్నీ నేలచూపులు చూశాయి.

"నేను వెళ్తానండి."

మేనేజరు నన్ను అనుమానంగా చూశాడు. "మీ అక్క ఊరు కదూ అది?"

"అవునండి."

"ముందే చెబుతున్నా. ఇది డ్యూటీ, సెలవు కాదు! విశ్రాంతీ గిశ్రాంతీ అంటే కుదరదు. రోజుకు ఒక్కసారయినా ఆవిడ చేత ఈ కాగితం మీద సంతకం పెట్టించాలి. ఎన్ని రోజులు పడుతుంది?"

"గుడ్డ కొత్తదండి. సాగాలి."

"సరే, పని అయ్యేదాకా" అని రాసిచ్చాడు.

సోమవారం తెల్లవారుజామున లారీ ఎక్కి మధ్యాహ్నం రెండింటికి ఆ ఇంటి ముందు దిగాను. పరిశీలకురాలు వరండాలో పాత నైటీలో, కాళ్ళు బకెట్టు నీళ్ళలో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే దొంగలా లేచి నిలబడింది.

"ఎవరు పంపారు నిన్ను?"

"కుర్చీలండి."

"హమ్మయ్య! త్వరగా లోపల పెట్టు బాబూ. వీధిలోవాళ్ళు చూస్తారు. నేను ఇంట్లో లేను."

"అలాగేనండి."

"నేను మీ కార్ఖానాలో ఉన్నాను. పరిశీలన గురువారం దాకా జరుగుతోంది, కాగితాల ప్రకారం." గొంతు తగ్గించింది. "నడుము విరిగిపోతోంది బాబూ. మూడేళ్ళయింది ఇంటిపట్టున నాలుగు రోజులుండి."

"మీకు సెలవుల్లేవాండి?"

"ఎందుకు లేవూ! నలభై! అడిగితే మా అధ్యక్షులవారు మొహం అదోలా పెడతారు. ఊళ్ళోవాళ్ళ సెలవులన్నీ చూసే మనిషివి, నీకు సెలవేమిటమ్మా అంటారు."

నేను డ్యూటీ కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ కలం పట్టుకుని ఆగిపోయింది. ఇంట్లో లేని మనిషి ఇంట్లో సంతకం ఎలా పెడుతుంది? నేనూ అదే ఆలోచిస్తూ నిలబడ్డాను. చివరికి ఆవిడే తేల్చింది.

"నీది మీ కంపెనీ బీరువాలోకి పోతుంది. నాది మా సంఘం బీరువాలోకి పోతుంది. ఈ రెండూ ఈ జన్మలో కలుసుకోవు!"

తేదీలు వేయకుండా కాగితం చివరిదాకా సంతకాలు పెట్టేసింది. ఒక కుర్చీ బిగించి వరండాలో లోపలి వైపుకు వేశాను. నేను గేటు దాటకముందే ఆవిడ గురక వినబడింది.

మర్నాడు అక్క చెయ్యి పట్టుకున్నాను. బల్ల ఎక్కింది. బుధవారం కట్టు విప్పారు. అక్క నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఇంత నెరిసిపోయావేమిట్రా!" అంది. తర్వాత వార్డు వార్డంతటికీ నన్ను చూపించింది.

"మా తమ్ముడు! నాకోసం సెలవు పెట్టుకొచ్చాడు. వాడి కంపెనీలో ముప్పై ఆరు రోజులిస్తారు తెలుసా?"

పక్క మంచాలవాళ్ళు అయ్యో మాకు లేకపోయిందే అన్నట్టు చూశారు. అక్క చూపు తిరిగి తిరిగి నా జేబు దగ్గర ఆగింది.

"ఆ కాగితమేమిటి? ఇలా తే. అక్షరం చూసి రెండేళ్ళయింది, చదువుతాను."

ఇవ్వక తప్పలేదు. కూడబలుక్కుని చదివింది.

"డ్యూటీ... పత్రం. పని... కుర్చీలు ఎనిమిది... బిగింపు." ఆగింది. గొంతు తగ్గించి అడిగింది. "సెలవు కాదా ఇది?"

"కాదక్కా. సెలవు పెడితే రావడం కుదరదు."

ఆ ముక్క అర్థం చేసుకోవడానికి అక్కకు కాస్త టైము పట్టింది. పక్క మంచాల వైపు చూసింది. అందరూ చెవులు రిక్కించి ఉన్నారు. కాగితం నాలుగు మడతలు పెట్టి నా జేబులో తోసి, పైకి, "సెలవు చీటీయే! ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళట!" అని గట్టిగా ప్రకటించింది.

తర్వాత నన్ను దగ్గరకు లాక్కుని చెవిలో అడిగింది.

"ఎన్ని బిగించావు?"

"ఒకటి."

"తొందరపడి పాడుచెయ్యకు నాయనా. రోజుకొకటి చాలు."