చిన్న జన్యువుకు పదిహేడు మెమోలు

తనిఖీ బృందం వచ్చేలోగా చేయవలసిన పనులు ఇవి. పాడైన మైక్రోస్కోపును కిటికీ పక్కకు జరిపి, దాని బల్బు ఒక్కటైనా వెలిగేలా చూడడం. కోటు లేనివాళ్లకు తెల్లకోట్లు, ఉన్నవాళ్లకు గుండీలు. కణాలుంచే ఫ్రీజర్‌లోంచి గుమాస్తాగారి మధ్యాహ్నపు డబ్బా తీయించడం. గోడ మీది సూక్తికి కొత్త రంగు. సీసాలక్కకు పద్దెనిమిదో మెమో.

జాబితా రాసింది మా ప్రయోగశాలకు అధిపతి అయిన పెద్దసారు. అమలు చేయవలసింది నేను. మా వంశంలో డిగ్రీ పట్టా ముట్టుకున్న మొదటివాణ్ని కనుక, పైవాళ్లు కాగితం మీద ఏం రాసినా అది నాకు పాఠంలాగే కనిపించేది.

గోడ మీది సూక్తి ఇది: "పెద్దది నోరు తెరవనిదే చిన్నది కూయదు." అది సూక్తి మాత్రమే కాదు, పదేళ్ల కిందట పెద్దసారు ప్రకటించిన శాస్త్ర సిద్ధాంతం. కొంచెం వివరిస్తాను, భయపడకండి. మన కణాల్లో చాలా జన్యువుల పని ప్రొటీన్లు తయారుచేయించడం. మైక్రో ఆర్ఎన్ఏ జన్యువులు ఆ జోలికి పోవు. అవి ఇరవై చిల్లర అక్షరాల పొట్టి ముక్కను తయారుచేయిస్తాయి. ఆ ముక్క వెళ్లి పెద్దపెద్ద జన్యువులు పంపిన సందేశాలకు అడ్డం పడి వాటి నోరు మూయిస్తుంది. అంతటి అధికారం ఉన్నది కాపురం చేసేది మాత్రం, చాలాసార్లు, ఏదో పెద్ద జన్యువు నడుమ, వెనక వాటాలో అద్దెకున్నట్టు. మరి దాన్ని నడిపించే స్విచ్చు ఎవరిది? ఇంటివాళ్లదా, సొంతమా? ఆ స్విచ్చును మేం ప్రమోటర్ అంటాం. ఇంటివాళ్లదేనని పెద్దసారు తీర్పు. ఆయన సంతకం లేనిదే చీపురు కూడా కదలని చోట అది సహజంగానే అనిపించేది.

నా పని ఆ తీర్పును రుజువు చేయడం. పెద్ద జన్యువు స్విచ్చు ఆపేసి, కణాలు పెంచి, రెండింటినీ కొలిచేవాణ్ని. పెద్దది సున్నా. చిన్నది మాత్రం నిశ్చింతగా కూస్తూనే ఉండేది.

"తప్పు," అనేవారు పెద్దసారు, కాగితం పూర్తిగా చూడకుండానే. "సీసాలు సరిగ్గా కడగలేదు. పాత కణాల మడ్డి మిగిలిపోయింది."

ఫలితం బుట్టలోకి పోయేది. మెమో సీసాలు కడిగే అక్కకు, అంటే మా సీసాలక్కకు, పోయేది. ఆరేళ్లలో పదిహేడుసార్లు ఇదే జరిగింది. పదిహేడు మెమోలూ టైపు చేసింది నేనే. ఒక్క అక్షరం తప్పు పోలేదని గుమాస్తాగారు మెచ్చుకున్నారు కూడా.

మొన్నటి ప్రయోగంలోనూ అదే ఫలితం వచ్చింది. దానికి పడ్డ పద్దెనిమిదోది పట్టుకుని వెళ్లేసరికి సీసాలక్క తొట్టి దగ్గర నిలబడి ఒక సీసాను వెలుతురుకు ఎత్తి చూస్తోంది. సీసాలోంచి చూస్తే కిటికీ ఊచలు లెక్కకు రావాలి. అప్పుడే అది కడిగినట్టు. అది ఆవిడ పెట్టుకున్న నియమం. పదకొండేళ్లుగా అంతే.

"తెచ్చావా బాబూ? అక్కడ పెట్టు, చేతులు తడి."

"అక్కా, నాదేం లేదు. సారు..."

"నీదేం లేదని నాకు తెలీదా? పెళ్లిపిలుపు పంచేవాడి మీద ఎవరైనా కోపం పెట్టుకుంటారా?" చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించింది. "ఇవాళ సాయంత్రం పర్మనెంటు వాళ్ల జాబితా మీద సంతకాలవుతాయంట కదా. మెమోలు రద్దయితేనే నా పేరు ఎక్కుద్దంట. లేకపోతే నెలాఖరుతో సరి. ఒక్క మాట చెప్పిపెట్టవూ?"

చెబుతానన్నాను.

"ఇంకో మాటడుగుతా, చదువుకున్నవాడివి. సీసాలో మడ్డి మిగిలితే పెద్దదీ మిగలాలి, చిన్నదీ మిగలాలి. పెద్దది సున్నా అంటారు, చిన్నదొక్కటే ఉందంటారు. మడ్డి కూడా మనిషిని చూసి అంటుకుంటుందా బాబూ?"

నా పట్టాలో ఆ పాఠం లేదు. మెమోను జేబులో పెట్టుకుని వచ్చేశాను.

పదకొండింటికి బృందం వచ్చింది. దానికి నాయకురాలు సన్నటి కళ్లద్దాల ఆవిడ. వెలుగుతున్న మైక్రోస్కోపులోకి ఎవరూ తొంగిచూడకుండా నేను దానికి అడ్డంగా నిలబడ్డాను. ఆవిడ చూపు మాత్రం గోడ మీద పడింది.

"ఈ సూక్తి ఎప్పటిది?"

"మా సిద్ధాంతమండి," అన్నారు పెద్దసారు, ఛాతీ నిండా.

"అలాగా. పోయిన నెల వేరేవాళ్లు ప్రచురించారే, చూశారా? మీరు పనిచేస్తున్న ఈ చిన్న జన్యువుకు సొంత ప్రమోటర్ ఉందట. పెద్దదాన్ని ఆపినా ఇది ఆగదట. అలాంటప్పుడు ఈ లాబ్ ఎందుకు కొనసాగాలో చెప్పండి."

ఊసరవెల్లికి కూడా రంగు మార్చడానికి కాస్త సమయం పడుతుంది. మా పెద్దసారుకు అక్కర్లేదు.

"మేం ఆరేళ్లుగా మొత్తుకుంటున్నదీ అదే కదండీ. గోడ మీద ఉన్నది మేం ఖండిస్తున్న వాదం. రోజూ కళ్లముందుంటే పట్టుదల పెరుగుతుందని రాయించాను."

"సంతోషం. ఆరేళ్ల ఫలితాలు చూపించండి."

ఫలితాలన్నీ ఎప్పుడో బుట్టలోకి పోయాయి. పెద్దసారు నా వైపు చూశారు. చెప్పిన పని చేయడమే అలవాటైన నాకు, ఆ తేదీలూ ఆ ఫలితాలూ ఉన్న కాగితాలు లోకంలో ఒక్కచోటే ఉన్నాయని తట్టింది. వెళ్లి సీసాలక్క ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాను.

కళ్లద్దాల ఆవిడ మొదటి మెమో పైకి చదివింది. "పెద్ద జన్యువును పూర్తిగా నిలిపివేసినప్పటికీ చిన్న ఆర్ఎన్ఏ యథాతథముగా ఉత్పత్తి అయినట్లు నేడు కనుగొనబడినది. ఇందుకు మీ నిర్లక్ష్యమే కారణము. మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను." కింద సంజాయిషీ ఉంది, అక్క చెబితే నేను రాసింది: "సీసాలు శుభ్రంగానే కడిగాను. చిన్నదొక్కటే ఎందుకు మిగిలిందో పెద్దలు ఆలోచించగలరు."

పదిహేడు మెమోలు, పదిహేడు సంజాయిషీలు. అన్నింటా అదే ఫలితం, అదే జవాబు. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఒకే ప్రయోగం పదిహేడుసార్లు, తేదీ, సంతకం, ముద్రతో సహా. ఇంత పకడ్బందీ రికార్డు నేనెక్కడా చూడలేదు. ఈ సంజాయిషీ రాసిన శాస్త్రవేత్త ఎవరు?"

"మా బృందమంతా కలిసి పనిచేస్తుందండి," అన్నారు పెద్దసారు వినయంగా.

నేను నోరు తెరిచాను. పెద్దది మాట్లాడుతుంటే చిన్నది కూయడం మా ఇంట్లో నేర్పలేదు. మూసుకున్నాను.

లాబ్ మరో అయిదేళ్లకు గట్టెక్కింది. సాయంత్రం పర్మనెంటు వాళ్ల జాబితా బల్ల మీదికి వచ్చినప్పుడు ధైర్యం కూడగట్టుకుని అడిగాను. "సార్, సీసాలు శుభ్రంగానే ఉన్నాయని తేలింది కదా. ఆ మెమోలు రద్దు చేద్దామా?"

పెద్దసారు నన్ను జాలిగా చూశారు. "ఎంత చదివినా నీకు లోకజ్ఞానం రాలేదయ్యా. రద్దు చేస్తే ఆ కాగితాలు చెల్లవు. అవి చెల్లకపోతే మన ఆవిష్కరణ చెల్లదు. సైన్సు కోసం ఆవిడ తప్పు అలాగే ఉండాలి."

తప్పున్నవాళ్ల పేరు జాబితాలో ఉండకూడదని గుమాస్తాగారు నిబంధన చదివి వినిపించారు.

ఈ సంగతి నేనే వెళ్లి చెప్పాను. సీసాలక్క చేతిలోని సీసాను వెలుతురుకు ఎత్తి, ఊచలు లెక్కపెట్టి, పక్కన పెట్టింది.

"జేబులో ఉన్న ఆ పద్దెనిమిదోది కూడా ఇచ్చెయ్ బాబూ. ఆధారం గట్టిపడుద్ది."

వ్యాసం అచ్చయింది. అందులో పదహారు పేర్లున్నాయి. రెండోది నాది. ఫ్రీజర్ మూత తీసి డబ్బా పెట్టుకోవడం తప్ప సైన్సుతో సంబంధం లేని గుమాస్తాగారిది పదకొండోది. సీసాలక్క పేరు లేదు. నెలాఖరున ఆవిడ చివరి సీసా కడిగి వెళ్లిపోయింది. మా అమ్మ ఆ వ్యాసం ఉన్న పుస్తకాన్ని చుట్టుపక్కల అందరికీ చూపించింది. ఇందులో ఏం కనిపెట్టావురా అని అడిగితే, చిన్నవాటికి కూడా సొంత స్విచ్చు ఉంటుందని చెప్పాను. నాది ఎక్కడుందో మాత్రం ఇంకా వెతుక్కుంటున్నాను.

మీరెప్పుడైనా ఎక్కడైనా ఆ స్విచ్చు మాట చదివితే, పదహారు పేర్లూ వదిలేయండి. కిటికీ ఊచలు లెక్కకు వస్తే తప్ప సీసా కింద పెట్టని ఒక మనిషిని గుర్తుపెట్టుకోండి. ఆవిడ సీసాలు శుభ్రంగానే కడిగింది.