సముద్రం వైపు నుంచి వచ్చినవాడు శత్రువే

యుద్ధం ఎక్కడో దూరాన జరుగుతోంది. శత్రువు తమ ఊరిని అంత చిన్నచూపు చూడటం భరించలేక ఆ రేవు పట్టణపు పెద్దలు తీరరక్షణ కమిటీని ఏర్పాటు చేశారు. అధ్యక్షుడిగా పళ్ల డాక్టరును ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. మనిషి చేత నోరు తెరిపించి, మాట మాత్రం రానివ్వకుండా కూర్చోబెట్టగల నేర్పు ఆయనకు తప్ప ఊళ్లో మరొకరికి లేదు.

డాక్టరుగారు వృత్తిధర్మం తప్పలేదు. ఒడ్డు పొడవునా కాంక్రీటు దిమ్మెలను పైవరస, కిందివరసగా పాతించారు. ఒకటి వంకరగా మొలిచిందని పీకించి, మళ్లీ పెట్టించి, పైన ముళ్లతీగ బిగించారు. బయటికి వెళ్లేవారి సౌకర్యార్థం ఒక చిన్న గేటు ఉంచారు. శత్రువు దారి తప్పాలని వీధుల పేర్ల బోర్డులన్నీ తీయించారు. తపాలా బంట్రోతు మొదటిరోజే దారి తప్పి మూడోరోజున పక్క ఊళ్లో దొరికాడు. ప్రయోగం ఫలించినట్టు కమిటీ నమోదు చేసుకుంది. ఆ ఉత్సాహంలోనే ఆఖరి తీర్మానం కూడా చేసేసింది: సముద్రం వైపు నుంచి వచ్చినవాడు ఎవడైనా శత్రువే.

ఈ మాట వినగానే చేపలావిడ గుండెల్లో రాయి పడింది. ఆమె మొగుడు పడవ నడిపే సరంగు. దిమ్మెల పని మొదలుకాక ముందే పడవేసుకుని వేటకు వెళ్లాడు. ఇంట్లో గంప బోర్లించి ఉంది, పొయ్యి చల్లగా ఉంది, కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. ఆమె తిన్నగా డాక్టరుగారి ఆస్పత్రికి వెళ్లింది.

"అయ్యా, మా ఆయన రేపో ఎల్లుండో వచ్చేస్తాడు. ఎటు నుంచి రమ్మంటారు?"

"నేల మీద నుంచి రమ్మనమ్మా. మాకేం అభ్యంతరం లేదు."

"పడవతోనా?"

"ఒక్కడి కోసం ఆ దిమ్మెల వరసలో ఒక పన్ను పీకానే అనుకో, శత్రువు నాలుక పోయిపోయి అక్కడికే పోతుంది."

"పోనీ, గేటుందిగా?"

"అది వెళ్లేవాళ్లకు. మన భయమంతా వచ్చేవాళ్ల గురించే కదమ్మా!"

మర్నాడు పొద్దున పడవ కనిపించింది. చేపలావిడ ఒళ్లు మరిచి, దిమ్మె ఎక్కి, "అడుగో మా ఆయన!" అని కేకపెట్టింది. వెంటనే సైరన్ మోగింది. దర్జీ, మంగలి, కిరాణా కొట్టాయన కర్రలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. మంగలి ఇరవయ్యేళ్లుగా సరంగుకు గడ్డం గీస్తున్నవాడు కావడంతో శత్రువును గుర్తించడం సులువైంది. సరంగు పెళ్లాన్ని చూసిన సంబరంలో రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. దాన్ని కమిటీ లొంగుబాటుగా స్వీకరించింది. పడవలోని చేపలను శత్రుసామగ్రి కింద జప్తు చేసి, మధ్యాహ్నంలోగా కమిటీ సభ్యులే స్వయంగా నిర్మూలించారు.

సాయంత్రం సభలో డాక్టరుగారు ప్రసంగించారు. "శత్రువు మన భాషే మాట్లాడుతున్నాడు! మనమే మరిచిపోయిన మన వీధుల పేర్లు గడగడా అప్పజెబుతున్నాడు! ఎంత పకడ్బందీగా వచ్చాడో ఆలోచించండి!" జనం చప్పట్లు కొట్టారు. శత్రువును మొదట చూసినందుకు చేపలావిడకు పతకం ఇచ్చారు.

ఆమె పతకం చేతిలో పట్టుకుని, ఏడుస్తూ, మొగుణ్ని పెట్టిన బడిగది కిటికీ దగ్గరికి వెళ్లింది. సరంగు మంచం మీద కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. యుద్ధఖైదీకి రెండు పూటలా భోజనం, దుప్పటి, వారానికోసారి వైద్యపరీక్ష ఇవ్వాలని రూలు. రూలంటే డాక్టరుగారికి ప్రాణం.

"తిన్నావా?" అన్నాడు సరంగు.

 అతను కంచం కిటికీ చువ్వల దగ్గరికి జరిపాడు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"పౌరురాలిగా ఉండి ఏం బావుకుంటావే? నీకు తెడ్డు వెయ్యడం వచ్చు కదా?" అన్నాడు.

మర్నాడు ఆమె తన మరిది పడవ తీసుకుని గేటులోంచి వెళ్లింది. కాపలావాడు జాగ్రత్తగా వెళ్లి రమ్మన్నాడు. గంట తర్వాత ఆమె సముద్రం వైపు నుంచి దండెత్తింది. ఆ వారంలో రేవు వీధి మొత్తం దండెత్తింది. పైవారం మంగలి, దర్జీ అరువు పడవలో వచ్చి లొంగిపోయారు. ఇప్పుడు బడిగదులన్నీ నిండి, వంటకు కమిటీ సభ్యులే కూరలు తరుగుతున్నారు.

చేతులు బొబ్బలెక్కిన ఒక సభ్యుడు ఉండబట్టలేక అడిగాడు. "పౌరులకే ముందు ఆ రెండు పూటలా పెట్టి ఉంటే, వీళ్లు శత్రువులయ్యేవారు కాదు కదండీ?"

డాక్టరుగారు ఆయన వైపు జాలిగా చూశారు. "శత్రువుకు పెట్టకపోతే లోకం అడుగుతుందయ్యా. పౌరుడికి పెట్టకపోతే అడిగేదెవరు? పౌరుడేగా!"