ప్రెసిడెంటు గారి సీఎస్ఈ

"కంప్యూటర్ సైన్స్ చదివినవాడు లోకాన్ని నడుపుతాడు. ఐటీ చదివినవాడు ఆ లోకానికి గేటు తీస్తాడు!"

కొండాపూర్‌లోని ఎనభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు ప్రెసిడెంటయిన విశ్వేశ్వరరావు గారు ఈ మాట సెలవిచ్చింది ఎవరితోనో కాదు, అప్పుడే ఆయన కారుకు గేటు తీసిన వాచ్‌మన్ ఐలయ్యతో. పెద్దవాళ్లు ఎదుటివాడి ఉద్యోగం చూసుకుని పోలికలు వెతుక్కోరు కదా!

ఐలయ్య నొచ్చుకోలేదు. ఆయన దిగులు వేరే ఉంది. కూతురు హర్షిణికి ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. ఆ ర్యాంకుకు సర్కారు యూనివర్సిటీ కాలేజీలో ఐటీ వచ్చేలా ఉంది. సీఎస్ఈయే కావాలంటే ఊరవతల ప్రైవేటు కాలేజీకి పోవాలి. కౌన్సెలింగ్ ఆప్షన్లలో ఏది ముందు పెట్టాలో ఆ సాయంత్రం ఐదింటిలోగా తేల్చేయాలి. తర్వాత ఏడ్చి మొత్తుకున్నా మార్చే వీల్లేదు.

అందుకే వచ్చీపోయే ఫ్లాట్లవాళ్లందరినీ ఆయన రెండింటికీ తేడా ఏమిటని అడిగాడు. అంతా సాఫ్ట్‌వేర్ వాళ్లే, వీళ్లకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది! తీరా చూస్తే ఒకాయన చదివింది సివిల్, ఒకావిడ జువాలజీ, రెండో అంతస్తు మధుకర్ బీకాం. అయినా తేడా మాత్రం అందరికీ క్షుణ్ణంగా తెలుసు. సీఎస్ఈ అయితే పెళ్లిచూపుల్లో గొప్పగా చెప్పుకోవచ్చట. ఐటీ అయితే అదేమిటో వివరించాల్సి వస్తుందట.

విశ్వేశ్వరరావు గారైతే కారాపి మరీ శ్రద్ధ తీసుకున్నారు. హర్షిణి ర్యాంకు ఎంతని అడిగారు. విని, కాసేపు ఆలోచించి, మళ్లీ అడిగారు.

"ఐటీ జోలికి పోనివ్వకు ఐలయ్యా. నీ మేలు కోరి చెబుతున్నాను. మా అమ్మాయి తేజస్వినీ ఎంసెట్ రాసింది, అది సీఎస్ఈ తప్ప ఇంకోటి ముట్టుకోదు."

ఆ మాట ఆయన అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో అప్పటికే మూడుసార్లు పెట్టి, డెబ్బై దండాలు అందుకున్నారు.

ఐలయ్య ఉరుకులు పరుగుల మీద కొత్తగూడ నెట్ సెంటర్‌కు పోయి, అక్కడ కూర్చున్న కూతురికి సారు మాట చెప్పాడు. హర్షిణి తల తిప్పకుండానే విన్నది.

"రెండిట్ల ఏం చెప్తరో మొత్తం చూసిన నాయినా. సగానికి సగం ఒక్కటే చదువు. లింగంపల్లిల మన రూముకాడికెళ్లి ఆ కాలేజీకి ఒక్క బస్సు. ఇగ చదివేది సారా, నేనా?"

అంటూనే ఐటీని పైన పెట్టి నొక్కేసింది. సారు మాట కాదన్నందుకు ఉద్యోగం ఊడుతుందేమోనని ఐలయ్య ఆ రోజు నుంచి ఆయనకు సలాం కొట్టేటప్పుడు నేల చూపులు చూశాడు.

హర్షిణికి ఐటీ సీటు వచ్చింది. సర్టిఫికెట్లు ఇవ్వడానికి తండ్రీకూతుళ్లు కాలేజీకి పోయి ఐటీ వాళ్ల వరుసలో నిలబడ్డారు. వాళ్లకు సరిగ్గా ముందు, ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నారు. పక్కనే తేజస్విని.

ర్యాంకు రెండుసార్లు ఎందుకు అడిగారో ఐలయ్యకు అప్పుడు తట్టింది. ఉన్న సీట్లే కొన్ని. ర్యాంకులో ముందున్న పిల్ల ఒకతి తప్పుకుంటే వెనకున్న పిల్లకు దారి దొరుకుతుంది. తన బిడ్డ సారు మాట విని ఉంటే ఏమయ్యేదోనని తలచుకున్న ఐలయ్య, ఈసారి ఆయనకు సలాం కొట్టలేదు.

విశ్వేశ్వరరావు గారు ఆయన్ని భుజం పట్టి పక్కకు తీసుకుపోయారు. ఇన్నేళ్లలో ఆ భుజం మీద ఆ చేయి పడటం అదే మొదలు.

"అపార్ట్‌మెంటులో మా అమ్మాయిది సీఎస్ఈ అనే ఉండనివ్వు ఐలయ్యా. జర చూస్కో."

అవసరం ఆయనకు 'జర' కూడా నేర్పింది. ఐలయ్య సరేనని మాటిచ్చాడు.

ఆ ఆదివారం క్లబ్ హౌస్‌లో తేజస్విని సీఎస్ఈ సీటుకు ప్రెసిడెంటు గారు అందరికీ మిఠాయిలు పంచారు. నాలుగో అంతస్తు అనసూయమ్మ గారు లడ్డూ తింటూ, బాక్సులు మోస్తున్న ఐలయ్యను మీ అమ్మాయిది ఏ బ్రాంచి అని అడిగారు. హాలంతా ఇటు తిరిగింది. ఐలయ్య ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు.

"సారు బిడ్డది సీఎస్ఈ అమ్మా, మా బిడ్డది ఐటీ. ఇద్దరు ఒక్క క్లాసులనే కూసుంటరు."