డ్రమ్ములో జాతి పెట్ట

ఇడ్లీ తినడం, పదింటికల్లా డ్రమ్స్ ఆటోలోకి ఎక్కించడం, మధ్యాహ్నానికి నరసరావుపేట చేరడం. ఆ పొద్దున బాజీ వేసుకున్న పథకం ఇంతే. ముప్ఫై ఏళ్లు రాక్ డ్రమ్మరుగా బతికిన ఆయనకు ఇంతకన్నా పెద్ద పథకాలేవీ కలిసిరాలేదు. హైదరాబాదులో నాలుగు బ్యాండ్లు ఆయన్ని చేర్చుకున్నాయి, నాలుగూ వదిలించుకున్నాయి. అందరిదీ ఒకటే ఫిర్యాదు: పాట నడుస్తుంటే బాజీ వేగం పెంచుకుంటూ పరుగెత్తుతాడు. సొంతూరు రొంపిచెర్ల చేరిన ఆరేళ్లకు, యాభై ఒకటో ఏట, ఒక కాలేజీ ఉత్సవంలో వాయించమని పిలుపు వచ్చింది. బ్యాండు నడిపే సుధీర్ బాబు మర్యాదగానే చెప్పాడు, ఈసారి తేడా వస్తే ఇక డ్రమ్ములకు ల్యాప్‌టాపే వాడుకుంటామని.

ఆటో వసీం, పెరటి పంచలో ఉన్న, కాలితో వాయించే పెద్ద డ్రమ్మును ఎత్తబోయి ఆగిపోయాడు. లోపల్నుంచి ఎవరో గుర్రుమన్నారు. ముందువైపు ఉన్న గుండ్రటి కంతలోంచి బాజీ తొంగిచూశాడు. మోత తగ్గడానికి లోపల పెట్టిన దిండు మీద పందెం కోళ్ల జాతి పెట్ట ఒకటి ఈకలు విప్పుకుని కూర్చుంది. ఇంటికి పరాయివాడెవరో వచ్చినట్టు ఆయన్ని చూసింది. ఆ దిండు ఆయన భార్య రుక్సానాది. ఆవిడ పోయి మూడేళ్లయినా అది ఎవరో ఒకరికి పనికొస్తూనే ఉంది.

పెట్ట, బాజీ అక్కలా చూసుకుని ఆపా అని పిలిచే పక్కింటి మెహరున్నీసాది. గుడ్లు పదకొండు, పొదగడం మొదలై పంతొమ్మిది రోజులు.

"ముందే చెప్పొచ్చుగా ఆపా," అన్నాడు బాజీ.

"నువ్వు వాయించటం మానేశావనుకున్నా. రెండు నెల్ల నుంచి చప్పుడే లేదుగా. మంచిపని చేశాడులే అని అందరం అనుకున్నాం."

ఇరుగుపొరుగుకు ఇబ్బంది ఎందుకని బాజీ రెండు నెలలుగా రబ్బరు షీటు మీద సాధన చేస్తున్నాడు. ఆ మర్యాదను గుర్తించింది పెట్ట ఒక్కటే.

కోడి పందెం కోసం యుద్ధమే జరిగిన పల్నాటి సీమలో జాతి పెట్టను లేపమనడానికి ఆయనకు నోరు రాలేదు. పైగా పగలు చోటు మారిస్తే అది మళ్లీ గుడ్లెక్కదు, చీకటి పడ్డాకే మార్చాలి. ప్రోగ్రాం ఎటూ ఏడింటికి. అందుకని రాజీ కుదిరింది. డ్రమ్ము మీద దుప్పటి కప్పి, పెట్టతో సహా తీసుకెళ్లాలి. మెహరున్నీసా బుట్టతో వెంట వస్తుంది, పొద్దుగూకగానే గుడ్లు అందులోకి మారుస్తుంది. వసీం అరగంట దారిని గంటన్నర నడిపాడు. సైకిళ్లు కూడా దాటిపోయాయి.

తీరా కాలేజీకి వెళితే, ముఖ్య అతిథికి ఏదో పెళ్లి ఉందని ప్రోగ్రాంను నాలుగింటికి ముందుకు జరిపారు. ఎండ ఫెళ్లున కాస్తోంది.

"తీసి అవతల పెట్టన్నా ఆ కోడిని," అన్నాడు సుధీర్ బాబు.

"చెయ్యి పెట్టి చూడు," అంది మెహరున్నీసా. "బాజీ, నీ కాలు దానికి తగిలిందా, మళ్లీ మన వీధిలో అడుగు పెట్టనీను."

ఈలోగా సౌండు అతను, రోజూ చేసే పనే కాబట్టి, చూడకుండానే కంతలోకి మైకు దూర్చి వెళ్లిపోయాడు.

బాజీ పెద్ద డ్రమ్ముకు తగలకుండా కుడికాలు గాల్లో పెట్టుకుని, మిగతా వాటి మీద పుల్లలతో మెత్తగా మొదలుపెట్టాడు. మొదటి దెబ్బకే పెట్ట గుర్రుమంది. స్పీకర్లలో అది ఘాట్ ఎక్కుతున్న లారీలా మోగింది. పిల్లలంతా లేచి నిలబడ్డారు. బాజీ అలవాటు కొద్దీ వేగం పెంచబోతే పెట్ట మైకును టకటకా పొడిచింది. ఆయన హడలిపోయి తగ్గించాడు. పెట్ట శాంతించి మళ్లీ నిదానంగా గుర్రుమంది. ముప్ఫై ఏళ్లలో తొలిసారి బాజీ వాయించిన పాట, మొదలైన వేగంతోనే ముగిసింది. మైదానం ఈలలతో ఊగిపోయింది. సుధీర్ బాబు ల్యాప్‌టాప్ మాట ఎత్తలేదు.

చిలకలూరిపేట కాలేజీ నుంచి వచ్చిన హరిత అనే అమ్మాయి స్టేజీ వెనక్కి వెతుక్కుంటూ వచ్చింది. ఆ లోతైన శబ్దం అద్భుతమంది, వచ్చే నెల తమ ఉత్సవానికి తప్పకుండా రావాలంది. బాజీకి కళ్లు చెమర్చాయి. అబద్ధం ఆడబుద్ధి కాక దుప్పటి ఎత్తి చూపించాడు.

ఆ అమ్మాయి కంతలోకి వంగి చూసి, మెహరున్నీసా వైపు తిరిగింది. "ఆంటీ, పదో తారీఖున ఇది ఖాళీయేనా?"

"అప్పటికి పిల్లల్నేసుకుని తిరుగుతా ఉంటది. ఎర్ర పెట్ట ఇంకోటుంది, కూర్చోబెట్టి చూస్తా."

ప్రస్తుతం బాజీ సంగీత జీవితం ఎర్ర పెట్ట పొదగడానికి కూర్చోవడం మీద ఆధారపడి ఉంది.